చెవులు వాల్చిన బర్రె

మల్లయ్య ఇంటికి పాలకు వెళ్ళిన ప్రతి పొద్దునా దేవేందర్ ముందు బర్రెల చెవులు చూసేవాడు. అది అతనికి పదహారేళ్ళ అలవాటు. సౌదీలో, రియాద్ దాటి రెండు గంటలు ఎడారిలోకి పోతే వచ్చే ఒక పాల ఫారంలో అతను దూడలను చూసుకునేవాడు. ఊళ్ళో అందరూ దేవేందర్ దుబాయ్ పోయిండన్నారు, దుబాయ్ నుంచి అచ్చిండన్నారు. అక్కడ ఏం పని చేశావని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

అక్కడ ఒక్కో దూడకు ఒక్కో తెల్లటి ప్లాస్టిక్ గూడు. వరసకు వంద గూళ్ళు. అలాంటివి ఏడు వరసలు అతని చేతి కింద ఉండేవి. రాత్రి ఎముకలు కొరికే చలి, పగలు నిప్పులు, మధ్యమధ్య ఇసుక గాలి. దూడల ఊపిరితిత్తులు ఆ మార్పుకు తట్టుకునేవి కావు. ఒకదానికి జ్వరం వచ్చిందంటే వారం తిరిగేలోపు వరసంతా దగ్గేది. అతనికి పని నేర్పిన ముసలి డాక్టరు ఈజిప్టు మనిషి. ఆయన వచ్చీ రాని హిందీలో ఒకే మాట పదేపదే చెప్పేవాడు. దగ్గు వినపడిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. చెవి చూడు, కన్ను చూడు, మేత దగ్గరకు రాకుండా ఎవరు ఎడంగా నిలబడ్డారో చూడు. రెండేళ్ళు తిరిగేసరికి దేవేందర్ వరస పొడవునా ఒక్కసారి నడిచి, జ్వరం తగిలిన దూడ ఏదో చెప్పగలిగేవాడు. అతను వేలు చూపిస్తే డాక్టరు మారు మాట్లాడకుండా సూది తీసేవాడు.

ఆ ఫారంలో మిషన్లు పెట్టి మనుషులను తగ్గించాక, పోయిన ఏడు వానాకాలం చివర అతను ఇంటికి వచ్చాడు. ఇల్లంటే అప్పటికి సిరిసిల్ల. భార్య శ్రీలత అక్కడ బట్టలు కుట్టే యూనిట్లో సూపర్‌వైజర్. కూతురు శ్వేత నర్సింగ్ చదువుతోంది. పైన రెండు గదుల కిరాయి ఇల్లు, కింద మరమగ్గాలు. దేవేందర్‌కు తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. అది దూడలకు పాలు పట్టే వేళ. లేచి వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాడు. తెల్లవారాక తల్లీకూతుళ్ళు ఆ ఇరుకు వంటింట్లో ఒకరికొకరు తగలకుండా, ఒక్క మాట అనుకోకుండా పనులు తెముల్చుకుని టిఫిన్ డబ్బాలతో వెళ్ళిపోయేవాళ్ళు. తను ఎక్కడ నిలబడినా ఎవరో ఒకరికి అడ్డమవుతున్నట్టు అతనికి అనిపించేది. వాళ్ళు ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. రెండు నెలలు చూసి, పొలం చూసివస్తానని చెప్పి కోరుట్ల బస్సెక్కాడు. కోరుట్లకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న సొంతూళ్ళో ఇంటి తాళం తీసి, బూజు దులుపుకుని, రెండు రోజులనుకున్నవాడు ఏడు నెలలు ఉండిపోయాడు. ఫోన్‌లో వాళ్ళు రమ్మనేవాళ్ళు. ఇతను వస్తాననేవాడు.

మల్లయ్య గోడ పక్క మనిషి. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బర్రె మీదెక్కి వాగు దాటినవాళ్ళు. ఇప్పుడు మల్లయ్యకు నాలుగు బర్రెలు, ఒక దుడ్డె దూడ. దేవేందర్ పాలకు వస్తే కూర్చోమని కుర్చీ వేసేవాడు. ఆ కుర్చీ దేవేందర్‌కు నచ్చేది కాదు. వెనకటి రోజుల్లో ఇద్దరూ కొట్టం అరుగు మీదే కూర్చునేవాళ్ళు.

జూన్ నెలాఖరులో మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున పాలకు వెళ్ళిన దేవేందర్‌కు పెద్ద బర్రె గాటికి దూరంగా నిలబడి కనిపించింది. ముందు వేసిన గడ్డి వేసినట్టే ఉంది. చెవులు రెండూ వాలిపోయాయి. కళ్ళ కింద తడి చార. పక్కన నిలబడి దాని డొక్క ఎంత తొందరగా ఎగిసిపడుతోందో లెక్కపెట్టాడు. పాలు ఎన్ని ఇచ్చిందని అడిగాడు. రోజూ ఇచ్చేదాంట్లో సగం కూడా ఇయ్యలేదని మల్లయ్య భార్య సత్యవ్వ చెప్పింది. వానకు తడిసింది, అల్లం బెల్లం పెడితే సర్దుకుంటుందని మల్లయ్య అన్నాడు.

తన దగ్గర జ్వరం చూసే థర్మామీటరు కర్ర ఉందని, తెచ్చి ఒకసారి పెడతానని దేవేందర్ అడిగాడు. మల్లయ్య నవ్వాడు. ఆ లెక్కలు దుబాయ్ ఆవులకు గాని మన బర్లకు ఎందుకన్నాడు. సత్యవ్వ నవ్వలేదు. బర్రెను అంతసేపు ఎవరు చూసినా ఆమెకు గిట్టదు. కొంగుతో దాని మొహం తుడిచి, పాల చెంబు దేవేందర్ చేతికిచ్చింది.

అతను ఇంటికి వచ్చి పాలు పొయ్యి మీద పెట్టాడు. అది వానకు తడిసిన జ్వరం కాదని అతనికి తెలుసు. పంచాయతీ గోడ మీద పశువుల డాక్టరు నంబరు రాసి ఉంటే ఎప్పుడో ఫోన్‌లో ఎక్కించుకున్నాడు కూడా. నంబరు తీశాడు. ఎవరి బర్రె అని అడిగితే ఏం చెప్పాలి? బర్రె గలవాడు పిలవమన్నాడా అంటే ఏం చెప్పాలి? వచ్చాక అది మామూలు జ్వరమే అయితే మల్లయ్య మొహం ఎట్లా చూడాలి? ఒకసారి నొక్కి, మోగకముందే కట్ చేశాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మధ్యాహ్నం అన్నం తినలేదు. గోడ దగ్గరకు వెళ్ళి నిలబడడం, మళ్ళీ లోపలికి రావడం, అట్లా పొద్దు గడిచిపోయింది.

నాలుగింటికి గోడ అవతల నుంచి గురక వినిపించింది. గొంతులో నీళ్ళు నిలిచిన మనిషి నిద్రపోతున్నట్టుగా ఉంది ఆ చప్పుడు. దేవేందర్ ఒక్క ఉదుటున గోడ దూకాడు. బర్రె మెడ చాచి నిలబడి ఉంది. దవడ కింద నుంచి గొంతు దాకా కుండంత వాపు. నోట్లోంచి చొంగ తీగలుగా కారుతోంది. అప్పుడు చేశాడు ఫోను.

డాక్టరు ప్రీతి స్కూటీ మీద వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. తడిసిన రెయిన్‌కోటు తీయకుండానే బర్రెను పట్టి చూసింది. నరానికి మందెక్కించింది. గొంతువాపు రోగమని, మీరు గురక రోగమనేది ఇదేనని, ఊపిరితిత్తులకు పాకితే ఒక్క రోజులో ప్రాణం తీస్తుందని చెప్పింది. పొద్దుగాలనే మందు పడి ఉంటే ఆశ ఉండేదన్నది. ఆ మాటకు మల్లయ్య తల దించుకున్నాడు. దేవేందర్ గోడ వైపు చూశాడు.

కోడి కూయకముందే బర్రె పడిపోయింది.

తెల్లవారి వాకిట్లో నలుగురు చేరారు. సత్యవ్వ ఏడుస్తూ, పొద్దుగాల ఆ మనిషి వచ్చి గుడ్లప్పగించి చూసిండు, మాపటికి నా బర్రె కూలింది అన్నది. ఎవరూ కాదనలేదు. దేవేందర్ అక్కడే ఉన్నాడు. మల్లయ్య ట్రాక్టరు తెప్పించి కళేబరాన్ని వాగు ఒడ్డున వేయించాలని చూస్తున్నాడు. దేవేందర్ ముందుకు వచ్చి, ఊళ్ళో అడుగుపెట్టినప్పటి నుంచి ఎన్నడూ ఎత్తని గొంతుతో వద్దన్నాడు. "వాగుల ఏస్తే కింది ఊర్ల బర్లు గూడ సస్తయి మల్లన్నా. లోతుగ బొంద తీసి సున్నమేసి పూడ్సాలె. నన్ను ఎన్ని తిట్టుకున్నా మంచిదే. గిది మాత్రం జెయ్యి."

మల్లయ్య ఫోన్ తీసి జేసీబీ వాడిని పిలిచాడు.

ఆ పొద్దే ప్రీతి మళ్ళీ వచ్చింది. ఊళ్ళో ఇంకా అరవై మూడు బర్లున్నాయి. టీకా మందు జగిత్యాల నుంచి తెచ్చుకోవాలి. ఆమె దగ్గర పనిచేసే మనిషి సెలవులో ఉన్నాడు. తను వెళ్తే ఇక్కడ జ్వరాలు చూసేవాళ్ళు లేరు. దేవేందర్ తను పోయివస్తానన్నాడు. ఆమె చీటీ రాసి, ఐసు డబ్బా చేతికిచ్చింది.

జగిత్యాల బస్సులో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క సీటు ముసలమ్మ ఐస్‌క్రీమా అని అడిగింది. కాదవ్వా, బర్ల మందు తేవడానికి అన్నాడు. మాట్లాడడానికి మనిషి దొరికిందన్న తొందరలో ఆమెకు రోగం సంగతంతా చెప్పడం మొదలుపెట్టాడు. చెప్తుండగానే ఆమె దిగే ఊరు వచ్చింది. జగిత్యాలలో మందు తీసుకుని, చీటీలో ఉన్న సీసాల లెక్క రెండుసార్లు సరిచూసుకుని, డబ్బా మూత మీద చెయ్యి తీయకుండా తిరుగు బస్సెక్కాడు. దారిలో శ్వేత ఫోన్ చేసింది. ఏం చేస్తున్నవు బాపూ అంటే, జగిత్యాల పనుండి వచ్చినా అని మాత్రమే అన్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచి ఇద్దరూ ఇంటింటికీ తిరిగారు. టీకా వేసే ముందు ప్రతి బర్రెకూ జ్వరం చూడాలి. జ్వరం లేనివాటికి టీకా, ఉన్నవాటికి వైద్యం. దేవేందర్ తన కర్ర తెచ్చాడు. అది సెల్సియస్ లెక్క చూపిస్తుంది. నలభై ఒకటిన్నర అని అతనంటే, నూటారు దాటింది అని ప్రీతి రాసుకునేది. నాలుగో ఇంటికల్లా ఆమె ఒకటి గమనించింది. ఇతను కర్ర పెట్టకముందే ఏ బర్రెకు జ్వరం ఉందో ఎడంగా నిలబడి చెప్పేస్తున్నాడు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. సౌదీలో దూడల పని చేశానని అతను చెప్పాడు. ఎన్ని దూడలు అంటే ఏడు వందలన్నాడు. ఆమె రాయడం ఆపి అతని వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

నాలుగు పశువులకు జ్వరం తేలింది. మల్లయ్యవి రెండు: ఒక బర్రె, దుడ్డె. లక్ష్మవ్వ అనే ముసలామెకున్న ఒక్కగానొక్క బర్రె. ఇంకొకటి ఊరి చివరి ఇంటిది. వాటిని మంద నుంచి వేరు చెయ్యాలి. ఎక్కడ కట్టాలన్నది ప్రశ్న. తన పొలంలో బోరు దగ్గర రేకుల షెడ్డు ఖాళీగానే ఉంది కదా అన్నాడు దేవేందర్. వాటిని చూసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చి మిగతా బర్ల దగ్గర తిరగకూడదని డాక్టరు చెప్పింది. నాకు ఊళ్ళో తిరగాల్సిన ఇండ్లేమున్నాయి మేడం అన్నాడతను.

అట్లా ఆరు రోజులు షెడ్డులోనే ఉన్నాడు. ప్రీతి పొద్దునా సాయంత్రం వచ్చి సూదులు వేసి, బూట్లు మందునీళ్ళలో కడుక్కుని వెళ్ళేది. మిగతా పొద్దంతా అతనూ, నాలుగు బర్లూ. గంట గంటకూ జ్వరం చూసి గోడ మీద బొగ్గుతో గీసేవాడు. గోరువెచ్చటి నీళ్ళు కొద్దికొద్దిగా తాగించేవాడు. పచ్చి గడ్డి లేతది ఏరి చేత్తో నోటికి అందించేవాడు. కింద గోనెసంచులు పరిచి, తడిసినప్పుడల్లా మార్చేవాడు. రేకుల మీద వాన, లోపల బర్ల ఊపిరి. ఆ ఊపిరుల్లో ఏది తేలికైందో ఏది బరువెక్కిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాడు. అతనికి ఎడారి గుర్తుకొచ్చింది. అక్కడా ఇట్లాగే రోజుల తరబడి మనిషితో మాట లేకుండా గడిచేది. ఇక్కడ కూడా అదే తనకు సుఖంగా ఉందని తెలిసి అతనికి భయమేసింది.

మొదటి రోజు మధ్యాహ్నం గట్టు మీద ఎవరో స్టీలు గిన్నె పెట్టి వెళ్ళారు. మూత తీస్తే అన్నం, పప్పుచారు, ఎర్రటి మామిడికాయ తొక్కు. సత్యవ్వ వెనక్కి తిరిగి చూడకుండా పొలం దాటుతోంది. తర్వాత రోజూ ఆ గిన్నె వచ్చింది.

రెండో రోజు లక్ష్మవ్వ బర్రె గొంతు వాచింది. ప్రీతి చెయ్యగలిగిందంతా చేసింది. దేవేందర్ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక దాని గురక ఆగింది. కబురు విని లక్ష్మవ్వ గట్టు దాకా వచ్చింది. అవతలే నిలబడి, తాడు ఇయ్యి బిడ్డా అన్నది. రోగం తగిలిన తాడు ఇవ్వకూడదు. అది కాల్చేయాలవ్వా అని అతను చెప్పాడు. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు సాయంత్రం మల్లయ్య వచ్చాడు. డాక్టరు చెప్పినట్టు గట్టు అవతల, ఇరవై అడుగుల దూరంలో ఆగాడు. దుడ్డె ఎట్లుందని అడిగాడు. జ్వరం దిగింది, పొద్దున కుడితి తాగింది అని దేవేందర్ చెప్పాడు. బోరు మోటారు నడుస్తోంది. అరిస్తే గాని మాట వినపడదు. మల్లయ్య వెళ్ళబోతుంటే దేవేందర్ పిలిచాడు. ఆ దూరం నుంచి, గొంతెత్తి, చెప్పకుండా దాచుకున్నది చెప్పాడు.

"మల్లన్నా, ఆ దినం పొద్దుగాలనే నాకు తెల్సు. డాక్టర్ నంబరు నా ఫోన్ల ఉండె. పొద్దంత చేతుల వట్టుకొని కూసున్న. చెయ్యలే."

మోటారు నీళ్ళు కాలువలో పడుతున్నాయి.

"నాకెందుకు గట్టిగ చెప్పలే?" అని అడిగాడు మల్లయ్య.

"నా మాట నువ్వు ఇంటవనుకోలే."

మల్లయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఇనకపోదును గావచ్చు," అన్నాడు. "రెండేండ్లకోపారి నెల దినాలకు అచ్చేటోడివి. సుట్టం లెక్క కుర్చేసి కూసోబెట్టినం. సుట్టం మాట ఎవడింటడు? గని నువ్వు చెప్పాల్సుండె దేవా. తిట్టి అయినా చెప్పాల్సుండె."

దేవా అన్న పిలుపు విని ముప్పై ఏళ్ళయింది. మల్లయ్య బదులు కోసం ఆగకుండా వెనక్కి తిరిగాడు. బర్రె పోయిన బాధ అతని నడకలో ఇంకా ఉంది.

ఏడో రోజు మూడింటినీ ఎవరివి వారికి అప్పగించారు. దుడ్డె తోవ పొడవునా చెవులు ఆడిస్తూ వెళ్ళింది. దేవేందర్ షెడ్డు కడిగి సున్నం చల్లి ఇంటికి వచ్చాడు. ఇల్లు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఆ రాత్రి శ్వేత ఫోన్ చేసినప్పుడు, నూటారు జ్వరానికి మనుషులకైతే మీరేం చేస్తారు బిడ్డా అని అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయి, ఎవరికి బాపూ అన్నది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. బర్రె సంగతి, ఫోన్ పట్టుకుని కూర్చున్న సంగతి, అక్కడి నుంచి వెనక్కి వెళ్ళి ఎడారిలో దూడల సంగతి. చెప్తుంటే శ్వేత మధ్యలో స్పీకర్ పెట్టినట్టుంది. కింది మగ్గాల చప్పుడు పెద్దదైంది, ఇంకొకరి ఊపిరి దగ్గరైంది.

గురువారం చెప్పకుండా శ్రీలత వచ్చింది. ఒక రోజు సెలవు పెట్టి, తెల్లారి బస్సుకు బయల్దేరింది. ఇంట్లో ఒక్క కంచం, ఒక్క గ్లాసు కడిగి బోర్లించి ఉండడం చూసింది. షెడ్డు చూపించమన్నది. ఇద్దరూ పొలం గట్టు మీద ముందూ వెనకా నడిచారు. గోడ మీది బొగ్గు గీతలు చూసి ఇవేమిటని అడిగింది. ఒక్కో గీతకూ జ్వరం ఎంతో అతను చెప్పాడు. ఒక గీతల వరస మధ్యలోనే ఆగిపోయి ఉంది. ఆ చివరి గీత మీద ఆమె వేలు ఆగింది.

"నాకు ఇన్నేండ్లు తెల్వనే తెల్వదు," అన్నది. "మీ ఆయన ఏం జేస్తడు అంటే పాల కంపెనీ అని చెప్తుంటి. పాకెట్లు కడ్తవేమో అనుకున్న."

"నేను చెప్పలే గద."

"నేనడగలే."

తిరిగి వచ్చేటప్పుడు మల్లయ్య వాకిట్లో సత్యవ్వ ఆమెను నిలబెట్టి కాసేపు మాట్లాడింది. దేవేందర్ దూరంగా నిలబడ్డాడు. ఆడవాళ్ళిద్దరూ ఒకసారి అతని వైపు చూశారు.

వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్ళే బస్సు కోరుట్లలో నాలుగింటికి. మరుసటి రోజు కొత్త ఆర్డరు, పనికి పోకపోతే కుదరదని ఆమె అన్నది. తనకూ రేపు పొద్దున్నే పనుందన్నాడు దేవేందర్. పక్క ఊళ్ళో టీకాలు, డాక్టరమ్మ రమ్మన్నది. ఎన్ని రోజుల పనని శ్రీలత అడిగింది. చుట్టూ ఎనిమిది ఊళ్ళు, నెల పట్టొచ్చన్నాడు. ఆమె సరేనన్నట్టు తలూపింది. కిటికీ పక్క సీటు దొరికింది. అతను కింద నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఎక్కేది అతనే, కింద నిలబడేది ఆమె. కింద నిలబడ్డవాళ్ళకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదని ఇప్పుడే తెలిసింది.

బస్సు కదులుతుంటే ఆమె కిటికీలోంచి వంగింది. "ఆయితారం టీకాలుండవు గద," అన్నది.

"ఉండయి."

"అయితే రా. శ్వేతకు గూడ సెలవే."

వస్తానన్నాడు. బస్సు మలుపు తిరిగింది. ఊరి ఆటో నిండడానికి ఇంకా ముగ్గురు కావాలి. అతను వెనక సీట్లో కూర్చుని, బజారులో పోయే వచ్చే వాళ్ళను చూస్తూ, ఎవరైనా ఎక్కుతారేమోనని ఎదురుచూడసాగాడు.